ముగ్గు పూసుకున్న ట్రాక్టరు

మొన్న నందివాడలో మా మేనల్లుడు కొత్త ట్రాక్టరు కొన్నాడు. చిన్నది, ముచ్చటగా ఉంది. రమ్మంటే వెళ్ళాను. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు, కొబ్బరికాయ కొట్టారు, స్వీటు పంచారు. అందరూ లడ్డూలు తింటుంటే నా కళ్ళు మాత్రం బండి కిందికి పోయాయి. సిమెంటు మీద అరచెయ్యంత తడి. ఎవరూ చూడకుండా వంగి, వేలితో అద్ది, బొటనవేలికి రుద్ది ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఎవరూ చూడకుండా అనుకున్నాను గానీ, పెళ్ళికూతురిలా ముస్తాబైన బండి కింద దూరి వేలు వాసన చూస్తున్న యాభై దాటిన మనిషిని చూడనిదెవరు? మా మేనల్లుడు లడ్డూ చేత్తోనే వచ్చాడు. "అవి కొబ్బరినీళ్ళు మావయ్యా. కావాలంటే గ్లాసులో పోసిస్తాను గానీ, నేల మీదవి ఎందుకు?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నిజంగానే కొబ్బరినీళ్ళు. కానీ వేలికి రావలసిన వాసన రాకపోయేసరికి, ఆ వాసన ఎక్కడుందో వెతుక్కుంటూ నా ముక్కు ఒక్కటే దివిసీమ వెళ్ళిపోయింది. మిగతా నేను బస్సెక్కి ఇంటికొచ్చాను.

నా మాటల్లో సగం తీసేసి వినడం మా ఇంట్లో ఆనవాయితీ. మా సీతత్తయ్య అయితే ముప్పాతిక తీసేస్తుంది. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో ఏది తీసెయ్యాలో ఆవిడకి బాగా తెలుసు. ఇది రాస్తూ మధ్యలో ఫోన్ చేసి అడిగాను కూడా. ఆ సంగతి తర్వాత.

నేను ఇంటర్ తప్పిన ఏడాది అది. తప్పానంటే నా తప్పేం లేదు, లెక్కల పేపరే నన్ను గుర్తుపట్టలేదు. బందరులో నాన్న ఎదుట పడకుండా తిరగడానికి మా ఇంట్లో అన్ని గదులు లేవు. అందుకని అమ్మ నన్ను తన అన్నయ్య వెంకటరత్నం దగ్గరికి పంపింది. మావయ్యది అవనిగడ్డ దాటి ఇంకా కిందికి, కాలవ ఓపిక అయిపోయి ఎక్కడ ఆగిపోతుందో అక్కడ. శివారు చేను. పైవాళ్ళందరూ తాగాక మిగిలిన నీళ్ళే ఆయన చేలోకి వచ్చేవి. అవీ వంతులవారీగా. వంతున్న రోజుల్లోనే దమ్ము చేసుకోవాలి. అంటే నీళ్ళు నిలబెట్టి, ఆ మట్టిని పాయసంలా కలియదున్ని నాట్లకి సిద్ధం చెయ్యాలి. వంతు దాటితే కాలవ కట్టేస్తారు. మళ్ళీ నీళ్ళొచ్చేసరికి ఆకుమడిలో నారు ముదిరి గడ్డయిపోతుంది.

ఆ మట్టి సంగతి చెప్పకపోతే ఈ కథ నిలబడదు. అసలు ఆ మట్టిలో ఏదీ నిలబడదు. పెద్ద ట్రాక్టరు దిగితే ఇరుసుల దాకా కూరుకుపోయేది. ఒక ఆసామి ట్రాక్టరు పూర్తిగా దిగబడిపోయి సైలెన్సరు గొట్టం ఒక్కటే పైకి కనబడితే, దాని మీద కొంగ గూడు పెట్టి పిల్లల్ని చేసిందట. నేను చూడలేదు. చూసినవాడిని చూశాను.

అందుకే మావయ్య ఎడ్లని అమ్మేసి పాత చిన్న ట్రాక్టరు ఒకటి కొన్నాడు. తేలికైన బండి, దిగబడదు. ఊరంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వినవాడు పై చేను కోటయ్య. మావయ్యకి వరసకి బావ. ఆయనది పెద్ద ట్రాక్టరు, పెద్ద గొంతు. టీ కొట్టు దగ్గర పదిమందిలో, "ఏం బావా, సైకిలుకి ఇనప చక్రాలు కట్టించావంట!" అన్నాడు. మావయ్య గ్లాసు కింద పెట్టాడు. ఆయన గ్లాసు కింద పెట్టాడంటే ఏదో ఒకటి అనేస్తాడని అత్తయ్యకి తెలుసు. కానీ అత్తయ్య అక్కడ లేదు.

"ఈ బండితో వంతు దాటకుండా నా దమ్ము నేను పూర్తి చేస్తాను. చెయ్యలేకపోయానా, చేను నీకే కౌలుకిచ్చేసి, నీ గట్టు మీద కూర్చుని కొంగల్ని తోలతాను!"

"అందరూ విన్నారుగా!" అన్నాడు కోటయ్య. అందరూ విన్నారు. సాయంత్రానికి అత్తయ్య కూడా వింది. ఆ రాత్రి మా అన్నాల్లో మాటలు లేవు, మామిడికాయ పప్పు మాత్రం ఉంది. అత్తయ్యకి ఆ చేనంటే ప్రాణం. కాపరానికొచ్చిన కొత్తలో ఉప్పు తేలిన నేలని తనే తట్టలు మోసి బాగు చేసుకుంది. ఆ చేనిప్పుడు ఒక టీ గ్లాసు పక్కన పందెంలో ఉంది.

బండి నడిపేది నేను. బందరు కుర్రాడిని, ఇంటర్ తప్పినవాడిని, దమ్ము చక్రాల మధ్య ఇనప సీటు మీద మహారాజులా కూర్చునేవాడిని. తెల్లారకముందే అత్తయ్య వాకిట్లో కళ్ళాపి చల్లి ముగ్గేసేది. పేడ వాసన, తడిమట్టి వాసన, ఆ వెనకే గేదె పాల కాఫీ వాసన. పందుంపుల్ల నములుతూ మావయ్య బండి చుట్టూ ప్రదక్షిణం చేసేవాడు. చద్దన్నంలో పెరుగు, ఆవకాయ ముక్క, చేతికో ఉల్లిపాయ. ఆ తర్వాత సాయంత్రం దాకా బురదే. సాయంత్రం బండిని కాలవ రేవులోకి దింపి, ఎడ్లని కడిగినట్టే గడ్డిచుట్టతో తోమేవాడు మావయ్య. తోమాక ఆముదం. బానెట్టు మీద, మడ్‌గార్డుల మీద, వెనక ఇరుసుల దాకా చేత్తో రాసి నిగనిగలాడించేవాడు. "కొమ్ములు లేవు గాబట్టి సరిపోయింది, లేకపోతే వాటికీ రాసేవాడు" అనేది అత్తయ్య. రాసేవాడే.

దమ్ము సగంలో ఉండగా, ఒక ఉదయం బండి కింద నేల నల్లగా తడిసి కనబడింది. మావయ్య చూసి, "ఆముదం కారుంటుంది" అన్నాడు. మర్నాడు ఇంకాస్త కారింది. ఆ మర్నాడు చేలో మలుపు దగ్గర ఎడమ బ్రేకు తొక్కితే అది పట్టుకోలేదు. దమ్ములో బండి తిప్పాలంటే ఒక పక్క బ్రేకు తొక్కాలి, లేకపోతే ముక్కుసూటిగా పోతుంది. నేను ముక్కుసూటిగా పోయి గట్టెక్కాను. గట్టు అవతల కోటయ్య గొడుగేసుకుని నించున్నాడు.

"రావయ్యా బందరు డ్రైవరూ, చేను కొలుచుకోడానికి వచ్చావా? ఇంకా వంతు అయిపోలేదుగా!"

నిజానికి ఆయన గొంతులో వెటకారంతో పాటు కోపం కూడా ఉంది. అంతకు వారం ముందే మావయ్య వల పోయింది. కాలవ నీళ్ళు చేలోకి దిగేటప్పుడు వాటితోపాటు మట్టగిడసలు, కొర్రమేనులు ఎక్కి వస్తాయి. ఆ సీజనులో శివారు వాళ్ళకి వంతు ఎంతో పులుసూ అంతే. మావయ్య నీళ్ళు దిగే గండి దగ్గర నైలాను వల ముక్క ఒకటి కట్టేవాడు. ఒక పొద్దున చూస్తే కర్రలున్నాయి, వల లేదు. గండికి పైన ఉన్నది కోటయ్య చేను. కాబట్టి తీసింది కోటయ్యే అని మావయ్య తీర్పు చెప్పేశాడు. అక్కడితో ఆగకుండా వెళ్ళి, "కోటయ్యగారూ, తమరికి చేపలు కావాలంటే అడగొచ్చు గదండీ" అన్నాడు. మా వైపు బావని పట్టుకుని గారు, అండీ అన్నామంటే తిట్టినదానికంటే ఎక్కువ. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. కాబట్టి కోటయ్య పెద్ద ట్రాక్టరు అరువడిగే దారి, దిగబడినా సరే అడిగే దారి, మూసుకుపోయింది.

చల్లపల్లి నుంచి మెకానిక్ దేవసహాయం వచ్చాడు. ఆయన పని చేస్తున్నంతసేపూ చర్చిలో పాటలు పాడుతూనే ఉంటాడు. నట్టు ఊడితే పల్లవి, ఊడకపోతే చరణం. మొదట కింద పాకి, వేలితో అద్ది, బొటనవేలికి రుద్ది వాసన చూశాడు. నా ముక్కు కింద కూడా పెట్టాడు. కుళ్ళిన వెల్లుల్లిని ఇనప డబ్బాలో వేసి ఎండబెట్టినట్టుంది.

"నల్లగా ఉంటే ఇంజనుదండి. పల్చగా ఉండి కళ్ళు మండితే డీజిలు. ఇలా తేనె రంగులో ఉండి ముక్కు పగిలిందంటే గేరాయిలే, ఇంక అనుమానం లేదు" అన్నాడు.

"మరి ఆముదం?" అన్నాడు మావయ్య ఆశగా.

"ఆముదం కూడా ఉందండి. అదే మన కర్మ."

గేరాయిలు అంటే కారేది బండి వెనక భాగం నుంచే. అక్కడ పైన నాగలిని ఎత్తే లిఫ్టు ఉంటుంది, పక్కన చక్రాల ఇరుసులుంటాయి. పైనుంచి కిందిదాకా ఒకటే జిడ్డు కాబట్టి, పైనున్న లిఫ్టు దగ్గరే కారుతోందని దేవసహాయం తేల్చాడు. మూత విప్పాడు, కొత్త ప్యాకింగు కోసి వేశాడు, ఒక పాట పూర్తిగా పాడి బిగించాడు. ఒక రోజు పోయింది. మావయ్య సంతోషించి ఆ సాయంత్రం బండికి రెట్టింపు ఆముదం రాశాడు. తెల్లారి చూస్తే నేల మళ్ళీ తడి.

మావయ్య అరుగు మీద కూలబడ్డాడు. వంతు ముగియడానికి ఇంక ఎక్కువ వ్యవధి లేదు. కోటయ్య మనిషి ఒకడు గట్టు మీద నడుస్తూ మా చేను వైపు కొత్త ఆసామిలా చూసి వెళ్ళాడు. లేదు, చూడలేదేమో, మాకు అలా అనిపించింది. అప్పుడు అత్తయ్య ముగ్గు చిప్ప చేత్తో పట్టుకునే వచ్చింది.

"నూనె రాసిన వొంటి మీద చెమట ఎక్కడ పుట్టిందో ఎవరికి తెలుస్తుంది? ముందు దాన్ని పొడిగా ఉంచండి."

"కడక్కుండా మట్టితో పడుకోబెట్టమంటావా దాన్ని?" అన్నాడు మావయ్య, కన్నపిల్ల గురించి మాట్లాడినట్టు.

"మట్టితో కాదు. కిరసనాయిలు పెట్టి జిడ్డంతా తుడిచెయ్యండి. ఆముదం సీసా నా దగ్గరుంటుంది. ఇదిగో, ఈ పిండి చల్లండి దాని మీద. వాకిట్లో ఎక్కడైనా ఒక చుక్క తడుంటే నాకు ముగ్గు మీద తెలీదా?"

దేవసహాయం పాట ఆపాడు. "ఆ మాట నాకు ముందు తట్టాల్సిందమ్మా. తట్టింది కూడా. ఆముదం అడ్డొచ్చింది" అన్నాడు. మాటల్లో సగం తీసేసి వినాల్సిన మా జాతే ఆయన కూడా.

కిరసనాయిలుతో తుడిచాం, ఎండబెట్టాం. లిఫ్టు మొదలుకుని ఇరుసుల చివర్ల దాకా అత్తయ్య తనే ముగ్గుపిండి జల్లింది. గుప్పిట్లోంచి పిండి సన్నగా జారే ఆ చెయ్యి ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. అయిపోయేసరికి బండి ఒళ్ళంతా విభూది పూసుకున్న సాధువులా తయారైంది. దారిన పోయే ముసలమ్మ ఒకావిడ ఆగి దానికి దండం పెట్టింది. అత్తయ్య ఇది ఒప్పుకోదు. ఫోన్లో అడిగితే, "దండం పెట్టలేదురా, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుంది" అంది. ఒక చెయ్యేనా, రెండు చేతులా అని అడిగాను. ఫోన్ పెట్టేసింది.

ఇంజను వేసి, లిఫ్టు పైకీ కిందికీ ఆడించాను. లిఫ్టు మీద పిండి తెల్లగానే ఉంది. తర్వాత బండి వెనక భాగాన్ని జాకీ మీద లేపి గేరులో చక్రాలు తిప్పాను. నలుగురం చుట్టూ చేరి, బారసాలలో పిల్లాడిని చూసినట్టు చూస్తున్నాం. కాసేపటికి ఎడమ ఇరుసు చివర, చక్రం లోపలి వైపు, పిండి మీద గోధుమరంగు చుక్క ఒకటి పుట్టింది. చూస్తుండగానే పెద్దదైంది, కిందికి గీత తీసింది. "అదిగో!" అంది అత్తయ్య. ఆ ఒక్క మాట అన్న గర్వంతో ఆవిడ ఏడాదంతా బతికింది.

చక్రం ఊడదీశారు. ఇరుసు గొట్టం లోంచి బయటికి వచ్చేచోట నూనె బయటికీ బురద లోపలికీ పోకుండా రబ్బరు సీలొకటి ఉంటుంది. అది కనబడలేదు. దాని స్థానంలో బత్తాయంత దారపు ఉండ ఉంది. బురదలో నానిన నైలాను, బిగుసుకుని రాయైపోయింది. దేవసహాయం కత్తితో కోసి లాగుతుంటే, దారం వెంట ముళ్ళు, ముళ్ళ వెంట కళ్ళు, కళ్ళ వెంట ఒక నీలం గుడ్డపీలిక వచ్చాయి. చిరిగినచోట మావయ్య తన పాత లుంగీతో వేసిన మాటు అది.

గండి దగ్గర తెగిన వల నీళ్ళతో పాటు చేలోకి కొట్టుకొచ్చి బురదలో కలిసిపోయింది. దమ్ము చక్రం దాన్ని చుట్టుకుంది. చుట్టుకుని సీలుని కోసేసింది. నూనె బయటికొచ్చి బ్రేకులో పడింది. బురదనీళ్ళు లోపలికి వెళ్ళాయి. గేరుపెట్టె కింది నట్టు విప్పితే తెల్లగా, చిక్కగా మజ్జిగే వచ్చింది. "ఈ ఇంట్లో ఇంత మజ్జిగ ఎప్పుడూ కాలేదు" అంది అత్తయ్య. మావయ్య నవ్వలేదు. నీలం పీలికని వేళ్ళతో నలుపుతూ పై చేను వైపు చూస్తున్నాడు.

సీలు బందరులో దొరకలేదు. గుడివాడ వెళ్ళి తెమ్మని తెగిన సీలుని కాగితంలో చుట్టి నాకిచ్చారు. చొక్కా జేబులో పెట్టుకున్నాను. బస్సులో మొదట నా పక్కవాడు లేచిపోయాడు, తర్వాత ముందు సీటువాళ్ళు, ఆ తర్వాత వెనకవాళ్ళు. కూచిపూడి దగ్గర ఎక్కినాయన ముక్కు మూసుకుని వెనక్కి వెనక్కి వేసిన అడుగులు ఆ ఊళ్ళో నేర్పేవాటికి ఏమాత్రం తీసిపోవు. పామర్రు వచ్చేసరికి బస్సులో నేనూ డ్రైవరూ మిగిలాం. గుడివాడ షాపాయన ఆ కాగితం విప్పకుండానే, వాసన పట్టి, "దమ్ములో పోయిందా?" అన్నాడు. అచ్చు అలాంటి సీలే తీసిచ్చాడు.

దేవసహాయం ఇరుసుని గుడ్డతో తుడిచి గోరుతో తడిమాడు. దారం ఒరుసుకున్న చోట సన్నటి గాడి పడింది. సీలు పాత చోటే కూర్చుంటే మళ్ళీ కారుతుందని, దాన్ని ఒక్క నూలుపోగంత లోపలికి, నున్నగా ఉన్న చోటికి కొట్టాడు. బ్రేకుని పెట్రోలుతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది ఎండబెట్టాడు. కొత్త గేరాయిలు పోశాడు. ఆఖరి నట్టు బిగించేటప్పుడు పాట లేదు. అదే ఆయన ప్రార్థన అనుకుంటాను.

ఇప్పుడు ఇవేవీ అక్కర్లేదు. మా మేనల్లుడు ఫోనులో ఫొటో తీసి పంపితే, కంపెనీ నుంచి ఒక అబ్బాయి పెట్టె పట్టుకుని వస్తాడు. చేతికి గ్లౌజులు కూడా ఉంటాయి. ఆ వాసన వాళ్ళ ఇళ్ళల్లోకి రాదు. మంచిదే. బస్సులు ఖాళీ కాకుండా వెళ్తున్నాయి. ఆ కాలం గొప్పదని నేను అనను. ఆ కాలంలో ఒక వల ముక్క చేనుని మింగబోయింది. కాకపోతే అప్పుడు బండికి జబ్బు చేస్తే ఇల్లంతా దాని చుట్టూ కూర్చునేది, తలా ఒక వైద్యం చెప్పేది. తప్పు వైద్యాలే ఎక్కువ. ఆ తప్పు వైద్యాల మధ్య పెరిగినవాణ్ణి కాబట్టి, తేలిగ్గా నయమయ్యే జబ్బులంటే నాకు కాస్త చప్పగా ఉంటుంది. అంతకు మించి ఫిర్యాదు లేదు.

సీలు వేసి చేలో దిగేసరికి వంతు అయిపోయింది. కాలవ కట్టేశారు. చేలో ఇంకా గండి వైపు మడి మిగిలే ఉంది. పైపైన నీళ్ళు ఇంకిపోయి మట్టి బిగుస్తోంది. పొడి దమ్ము చేస్తే చక్రాలకి మట్టి ముద్దలు కట్టి బండి ఆగిపోతుంది. మాట ప్రకారం చూస్తే పందెం పోయింది. అత్తయ్య గట్టు మీద నించుని కొంగు నోట్లో పెట్టుకుంది. మావయ్య ఆ దారపు ఉండ చేత్తో పట్టుకుని కోటయ్య చేను వైపు నడిచాడు. ఇంజను ఆపేసి నేను వింటున్నాను. వినడంలో నన్ను మించినవాడు దివిసీమలో లేడు.

"బావా, వల దొరికింది."

కోటయ్య ఉండని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎవరు తీశారంట?"

"నా బండే."

"అయితే కేసు పెట్టు దాని మీద." "సీతమ్మా, నీ మొగుడు నన్ను అండీ అన్నాడమ్మా, గుర్తుంచుకో!" అని గట్టు మీదున్న అత్తయ్యకి వినబడేలా అరిచాడు.

"తప్పేరా బావా. పందెం కూడా పోయింది. చేను నీకే ఇస్తాను. మాట మాటే" అన్నాడు మావయ్య. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. గట్టు మీద అత్తయ్య కూర్చుండిపోయింది.

కోటయ్య గొడుగు మూసి గట్టు మీద గుచ్చాడు. పార తీసుకున్నాడు. మా రెండు చేల మధ్య గట్టు దగ్గరికొచ్చి, "నీ చేను నాకెందుకురా? తీసుకున్నాననుకో, పొద్దస్తమానం నువ్వు నా గట్టు మీద కూర్చుని కొంగల్ని తోలతావు. కొంగలైతే పోతాయి. నిన్ను ఎవడు తోలతాడు?" అంటూ గట్టుని ఒక్క దెబ్బతో కోశాడు.

ఆయన చేలో నిండుగా ఉన్న నీళ్ళు గలగలమంటూ మా మడిలోకి దిగాయి. బిగిసిన మట్టి ముందు మెరిసింది, తర్వాత మెత్తబడింది. కొర్రమేను పిల్లలు రెండు మూడు ఎగిరిపడ్డాయి. మావయ్య వాటి వైపు చూడనైనా చూడలేదు. నా వైపు తిరిగి, "ఏరా, చూస్తావేం? బండి పట్టు!" అని అరిచాడు. నేను ఇంజను వేశాను. మూల దాకా వెళ్ళి ఎడమ బ్రేకు మీద కాలు పెట్టాను. బండి ఉన్నచోటే గిర్రున తిరిగింది.